చూర్మోలో గోలీ

‘ఒప్పుకోలేదు.’

హరిలాల్ పేరు పక్కన మూడేళ్ల నుంచీ అదే మాట ఉంది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ ఏటా బీపీ, షుగరు, బరువు, నడుము చుట్టుకొలత చూసి రాసే రిజిస్టరు అది. గుట్టకింది తండా పల్లె దవాఖానలో దానికి నీలం అట్ట వేసి, మూలలు చిరగకుండా ప్లాస్టరు అంటించి, టీకాల డబ్బా కంటే భద్రంగా చూసుకుంటారు. తండా మొత్తానికి నూట ఎనభై రెండు పేర్లు. నూట డెబ్బై ఎనిమిది పేర్లకు ఎదురుగా అంకెలున్నాయి. నలుగురికి మాత్రం ఆ ఒక్క మాట.

సోమవారం పొద్దున గీత ఆ పేజీ మీద వేలు పెట్టి అడిగింది.

“ఈ నలుగురు ఎందుకు ఒప్పుకోలే సారక్కా?”

గీత ఆ దవాఖాన నర్సు. దేవరుప్పుల నుంచి వచ్చి ఏడు నెలలైంది. సారక్క ఆశా కార్యకర్త, పక్క ఊరి మనిషి. పదిహేనేళ్లుగా ఈ తండాలో ఎవరికి ఏ నెల నడుస్తోందో, ఎవరి పిల్లకి ఏ టీకా బాకీ ఉందో నోటి మీదే చెప్పగలదు. ఆమె దూది చుట్టలు చుడుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

“ఆళ్లు మెదడు బీమారోళ్లు మేడం. ఇద్దరు ఇంట్లకెళ్లి బయటికే ఎల్లరు. ఒకామె మాట్లాడది. హరిలాల్ మంచాలల్లుకుంట తనల తనే ముచ్చటవెడ్తడు. ఆయన మందులు పెద్ద దవాఖానకెళ్లి అస్తయి. మనతోని ఏం పని?”

“నువ్వు అడిగినవా?”

“ఎవలని?”

“హరిలాల్‌నే. బీపీ చూస్తం, చెయ్యియ్యి అని అడిగినవా?”

దూది చుట్ట సారక్క చేతిలో ఆగిపోయింది. పిచ్చికుక్క తిరుగుతోందంటే కర్ర పట్టుకుని అందరికంటే ముందు నడిచే మనిషి సారక్క. కానీ అబద్ధం ఆడటం మాత్రం చేతకాదు. ఆమెతో పని చెయ్యడంలో సుఖమూ అదే, చిక్కూ అదే.

“అడిగితే ఏమంటడో అని అడగలే.”

“మరి నాకంటే ముందొచ్చిన నర్సులు?”

“ఆళ్లు నన్ను అడిగిన్రు. ఒప్పుకోడు అని నేనే జెప్పిన.”

గీతకు కోపం ముంచుకొచ్చింది. సారక్క మీద పడదామనుకుని మళ్లీ పేజీ కింద చూసింది. ఈ ఏటి లెక్క సరిగా ఉందని చేసిన సంతకం తనదే. చేరిన మొదటి నెలలో, చదవకుండా పెట్టింది. కోపం ఎవరి మీద పడాలో తేలక, బీపీ మిషను, షుగరు చూసే చిన్న యంత్రం, కొలతల టేపు సంచిలో వేసుకుని బయలుదేరింది. బరువు చూసే మిషను సారక్క నెత్తిన పెట్టింది. అది ఆమె తీర్చుకున్న పగ.

తండాకు ఆ చివర రేకుల పందిరి కింద హరిలాల్ మంచం అల్లుతున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి. ఒకప్పుడు సన్నగా ఉండేవాడట, ఇప్పుడు చొక్కా బొత్తాములు పొట్ట దగ్గర అందడం లేదు. మంచాన్ని పక్కకు నిలబెట్టి, ప్లాస్టిక్ తాడు ఉండను పట్టెల కిందనుంచి దూర్చి, నాలుగు పోగులు ఒక్కసారి లెక్కపెట్టి, రెండు చేతులా బిగలాగుతున్నాడు. లాగినప్పుడల్లా పెదవులు కదులుతున్నాయి. మూడుసార్లు లాగి, ఆగి, నోటితో గాలి పీల్చుకుంటున్నాడు. అందరూ ముచ్చట పెట్టుకోవడం అనుకున్నదాంట్లో సగం లెక్కేనని గీతకు అప్పుడు అర్థమైంది.

“హరన్నా, నేను దవాఖాన నర్సును. నీ బీపీ చూడాలె. చెయ్యిస్తవా?”

హరిలాల్ ముందు మిషను వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు. చెయ్యి లుంగీకి తుడుచుకుని ముందుకు చాపాడు. అంతే. మూడేళ్ల ఒప్పుకోకపోవడం అంతటితో అయిపోయింది.

“జర బిగుతైతది.”

“గీ తాడు కన్నానా?” అన్నాడు.

మిషను బుస్సుమని గాలి వదిలింది. నూట అరవై ఎనిమిది బై నూట నాలుగు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. పెద్ద తేడా లేదు. వేలికొసన సూది గుచ్చితే షుగరు రెండు వందల ఎనభై ఆరు. బరువు తొంభై నాలుగు. నడుము కొలవడం సారక్క వంతు. ఆమె టేపు పట్టుకుని ఒకడుగు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తోంది. చొక్కా కొలత ఇచ్చేవాడిలా హరిలాల్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

“దగ్గరికి రా సారక్కా. నేనేం కరవ.”

సారక్క ముఖం ఎర్రబడింది. తర్వాత పకాలున నవ్వింది. టేపు చుట్టేసరికి ఆమె చెంప అతని భుజానికి ఆనింది. నూట పన్నెండు సెంటీమీటర్లు.

“నడిస్తే ఆయాసం అస్తదా హరన్నా?” గీత అడిగింది.

“గుట్ట మీదికి పోతే రెండుసార్లు కూసుంట. నిరుడు ఒక్కసారే కూసుంటుంటి. అప్పుడే జెప్పిన.”

“ఎవలకు?”

“అందరికి. నీకు వేరే బీమారి ఉన్నది గద అన్నరు.”

ఫిర్యాదేమీ లేదు ఆ గొంతులో. మళ్లీ తాడు అందుకుని నాలుగు పోగులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. గీత రిజిస్టరులో ‘ఒప్పుకోలేదు’ కొట్టేసి అంకెలు రాసింది. మిగిలిన మూడు పేర్ల దగ్గరా ఆ మాట కొట్టేసి, ‘అడగలేదు’ అని రాసింది. సారక్క అది చూస్తూ టేపు చుట్టేసింది.

అప్పుడే తుల్సీబాయి ఇంట్లోంచి సత్తుగిన్నె పట్టుకుని వచ్చింది. హరిలాల్‌కు అక్క, ఆరేళ్లు పెద్దది. మొగుడు పోయాక తమ్ముడే ఆమె ఇల్లు, ఆమే అతని ఇల్లు. గిన్నెలో వేడివేడి చూర్మో ఉంది. గోధుమరొట్టె చిదిమి, బెల్లం దంచి, నెయ్యి పోసి పిసికి కట్టిన ముద్ద. లంబాడీ ఇళ్లలో పండక్కి చేసుకునేది. ఈ ఇంట్లో మటుకు రోజూ పండగే.

“రోజు పెడ్తవా అక్కా గిది?” గీత కళ్లు పెద్దవి చేసింది.

“పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. చూడు ఎంత మంచిగైండో నా తమ్ముడు! బీమారి వచ్చిన్నాడు బొక్కలు కనవడుతుండె,” అంది తుల్సీబాయి గర్వంగా. తమ్ముడి పొట్ట ఆమెకు తన చేతిపని.

గీత ఆమెను ఇంటి వెనక్కి తీసుకెళ్లి, షుగరు సంగతి చెప్పి, ఆ ముద్ద ఇవాళే మానెయ్యాలంది. తుల్సీబాయి పందిరి వైపు ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించింది.

“ఎట్ల మానేస్త బిడ్డా? గోలీ అండ్లనే ఉంటది.”

“ఏం గోలీ?”

“మెదడు గోలీ. ముద్ద నడుమ పెట్టి ఇస్త. పద్నాలుగేండ్ల సంది. మొదలు చేతికిస్తే బావిల పారేసిండు, విషం పెడ్తున్నరన్నడు. అగో, అప్పటి సంది చూర్మో. ఆయనకు తెల్వది. తెలిస్తే నా చేతి మెతుకు ముట్టడు. ఇంకొకల చేతిది ఎట్లనూ తినడు. ఇగ ఏం తిని బతుకుతడు?”

పద్నాలుగేళ్లు, రోజుకు రెండు ముద్దలు. గీత మనసులో లెక్క వేయబోయి మానుకుంది. అంత ప్రేమను చూసి ఏమనాలో తోచలేదు. చదువుకున్న పాఠం మాత్రం టక్కున నోటికొచ్చింది.

“అక్కా, బెల్లం ఒక్కటే కాదు. ఆ గోలీలతోని గూడ బరువు పెరుగుతది, షుగరొస్తది. గుండె మీద భారం పడ్తది. అందుకే చూస్కుంట ఉండాలె.”

చివరి మాట తుల్సీబాయి చెవిని పడలేదు. ఆమె గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపును గీత గమనించి ఉంటే బాగుండేది. కానీ ఆ రోజు గీత తన పనికి తానే మురిసిపోతోంది. వెనక్కి నడుస్తూనే మండల ఆరోగ్య కేంద్రం డాక్టర్ మేఘనకు ఫోన్ చేసి అంకెలన్నీ అప్పజెప్పింది. డాక్టర్ వాటిని రెండోసారి చెప్పించుకుని రాసుకుంది.

“ఇలాంటి వాళ్లని ఇప్పటిదాకా నా దగ్గరికి ఎవరూ పంపలేదు గీతా. ఆ మందులు వాడేవాళ్లకి గుండె, షుగరు మిగతావాళ్లకంటే ముందు చూడాలి. శుక్రవారం పరగడుపున తీసుకురా. ఈసీజీ తీద్దాం. బీపీ గోలీ రేపట్నుంచే మొదలుపెట్టు.”

బయ్యారంలోని అద్దె గదికి ఆటోలో వెళ్తూ దారంతా గీత తనను తాను మెచ్చుకుంది.

మంగళవారం సారక్క చేత బీపీ గోలీలు పంపింది. బుధవారం బీపీ ఎలా ఉందో చూద్దామని వెళ్తే పందిరి కింద మంచం అల్లిక సోమవారం ఉన్నచోటే ఉంది. ఇంకా వెనక్కి వెళ్లింది. అల్లిన రెండు జానలూ విప్పేసి ఉన్నాయి. హరిలాల్ తాడు లాగుతున్నాడు, నాలుగు లెక్కపెడుతున్నాడు, లెక్క తప్పినట్టు తల విదిలించి మళ్లీ మొదలుపెడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నిద్రపోలేదా హరన్నా?”

“మాట్లాడుతున్నరు,” అన్నాడు, రేకుల వైపు చూపించి. అక్కడ ఎవరూ లేరు.

తుల్సీబాయి వాకిట్లో జొన్నరొట్టె తడుతోంది. గీతను చూసి సంబరంగా లేచి, చేతులు కడుక్కుని, పీట వేసింది.

“చూర్మో బంద్ జేసిన బిడ్డా. నువ్వు జెప్పిన మాట జెప్పినట్టే. బెల్లం కుండ ఆ పక్కింటి సక్రికి ఇచ్చేసిన.”

“మంచి పని జేసినవు. మరి గోలీ?”

“బీపీదా? ఇస్తున్న. అది చేతికిచ్చినా ఏసుకుంటుండు, నువ్వు పంపినవని.”

“అది కాదక్కా. మెదడు గోలీ?”

తుల్సీబాయి రొట్టె తిప్పింది. తిప్పాల్సిన పని లేదు, అప్పుడే వేసింది.

“ఇస్తున్న.”

“దేంట్ల పెట్టి?”

పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది. తీసి పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆమె గీత వైపు సూటిగా చూసింది.

“ఇస్తలేను బిడ్డా. నీకు అబద్ధం ఎందుకు? దేంట్ల పెట్టాలె? బెల్లం లేకుంటే గోలీ లోపలికి ఎట్ల పోతది? పప్పుల పెడ్తే చేదైతది. అన్నంల పెడ్తే కనవడ్తది. పెట్టి మాత్రం ఏం జెయ్యాలె? గోలీతోనే గుండె ఖరాబైతదని నువ్వే జెప్తివి. మా నాయిన గుండె ఆగి పోయిండు, గిదే వాకిట్ల. తమ్ముని అట్ల చూడలేను. పిస్సోడైతే కానీయి. బతికి ఉంటడు గద!”

గీత పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. మంచి చెయ్యబోయి ఏం చేసిందో ఒక్కసారిగా అర్థమైంది. పద్నాలుగేళ్లుగా ఒక మనిషిని నిలబెట్టిన గోలీని ఒక్క వాక్యంతో ఆపేసింది. దాచే చోటునూ తీసేసింది, దాచాలన్న ధైర్యాన్నీ తీసేసింది. ఏడుపొచ్చినంత పనైంది. నర్సు రోగి ఇంట్లో ఏడిస్తే ఎలా అని మింగుకుంది.

“తప్పు నాదే అక్కా. సగం మాటే జెప్పిన. గోలీ ఆపొద్దు. ఆపితే మళ్లా మొదటికొస్తది. గుండెకు వేరే మందులున్నయి, చూసేటోళ్లున్నరు. అవసరమైతే ఆ గోలీనే మారుస్తరు. అది డాక్టర్లు జెయ్యాలె, మనం ఆపొద్దు.”

“మొన్న ఒకటి జెప్తివి, ఇయ్యాల ఒకటి జెప్తివి.”

“అవునక్కా.”

“ఏది నమ్మాలె?”

పందిరి వైపు నుంచి హరిలాల్ గొంతు వినబడుతోంది. ఒకటి, రెండు, మూడు. మళ్లీ ఒకటి. తుల్సీబాయి అది వింటూ కొత్త రొట్టె తట్టడం మొదలుపెట్టింది. గీతను వెళ్లమనలేదు, ఉండమనలేదు.

దారిలో గీత డాక్టర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది గీతకు. “ఇంకో వారం ఆగితే మనిషి చెయ్యి దాటిపోతాడు. రేపటికల్లా ఆ గోలీ లోపలికి వెళ్లాలి గీతా. ఎలాగైనా” అని మాత్రం అంది డాక్టర్.

గురువారం గీత ఎనిమిదిన్నరకే వచ్చింది. దవాఖాన మెట్ల మీద హరిలాల్ కూర్చుని ఉన్నాడు. తండా ఆ చివర నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. తాళం తీసే దాకా లేవలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గరే నిలబడి, మందుల బీరువా వైపు చూస్తూ అడిగాడు.

“సిస్టరమ్మా, నాకు గోలీలియ్యి.”

“బీపీ గోలీలు ఇంట్ల ఉన్నయి గద హరన్నా?”

“అవి కావు. నిద్రగోలీలు. మాటలు బంద్ జేసేటియి. మూడు దినాల సంది బాయి ఇస్తలేదు.”

‘బాయి’ అంటే వాళ్ల భాషలో అక్క, తమ్ముడైతే ‘భియా’. గీత చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది.

“ఏ గోలీలు హరన్నా?”

“చూర్మోల పెట్టేటియి.”

గీత బల్ల మీద కూర్చుంది. హరిలాల్ కూడా అప్పుడు లోపలికొచ్చి, ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

“నీకు తెలుసా?”

“నాకెందుకు తెల్వది? తినేది నేనే గద.”

“మరి బావిల పారేసినవట?”

“అది మొదట్ల. అప్పుడు భయముండె. తర్వాత ముద్దల వచ్చింది. ఉమ్మేద్దమనుకున్న. బాయి గోడకు మొకం పెట్టి నిలవడ్డది, వణుకుతున్నది. మింగిన. పది దినాలకు మాటలు తగ్గినయి. నిద్రొచ్చింది. ఇగ ఎందుకు ఉమ్మేస్త?”

“ఇంట్లనే ఉంటయి గద, నువ్వే తీసుకుని ఏస్కోరాదు?”

హరిలాల్ ఆమెను జాలిగా చూశాడు.

“బియ్యం డబ్బల దాస్తది. దినాం లెక్కవెట్టుకుంటది. ఒకటి తక్కువైతే నాకు ఎరుకేనని ఆమెకు తెలిసిపోదా? సిగ్గువడ్తది. ఇన్నేండ్లు కష్టపడి దాచింది.” మాటల మధ్య పక్కకు చూస్తున్నాడు, ఎవరినో ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు, మళ్లీ తన మాటలోకి తనే తంటాలు పడి వస్తున్నాడు. “నువ్వు జెప్పు బాయికి. జొన్నరొట్టెల పెట్టుమను. బెల్లం లేకున్నా తింట. నేను జెప్పిన అని మాత్రం చెప్పకు.”

గీతకు నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. రెండూ దాచుకునే ఓపిక లేక ఊరుకుంది. ఈ మనిషి చెయ్యి ఇవ్వడని మూడేళ్లు రాశారు. ఆయాసం వస్తోందంటే వేరే బీమారి ఉందిగా అన్నారు. తలలో ఎవరెవరో అరుస్తుంటే, వాళ్లను తోసుకుంటూ పొద్దున్నే నడిచి వచ్చి, తన మందు తను అడుగుతున్నాడు. అదీ అక్క మనసు నొచ్చుకోకుండా.

“చెప్త హరన్నా. నువ్వు జెప్పినవని చెప్ప.”

గంట తర్వాత గీత సారక్కను వెంటబెట్టుకుని తుల్సీబాయి వాకిట్లో ఉంది. రొట్టెలో పెట్టి చూడమంది. తుల్సీబాయి నమ్మలేదు.

“పసిగడ్తడు బిడ్డా. మస్తు హుషారోడు.”

“పసిగట్టడు అక్కా.”

“నీకేం ఎరుక?”

“నా మాట మీద ఒక్కసారి పెట్టి చూడు. రేపు డాక్టరమ్మ గుండె ఫోటో తీస్తది, నీ ముందలనే. ఖరాబైందంటే నన్ను తిట్టు. గోలీ ఆపుమన్నా ఆమెనే అంటది, ఇయ్యుమన్నా ఆమెనే. రేపటి దాకా నమ్ము.”

తుల్సీబాయి పందిరి వైపు చూసింది. అక్కడ తమ్ముడు ఖాళీ మంచం పట్టెల మధ్య కూర్చుని గాలితో గొడవపడుతున్నాడు. ఆమె లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. రొట్టె మడతలో గోలీ పెట్టి, దాని మీద వంకాయకూర రాసి, గోడ వైపు తిరిగి ఒకటికి రెండుసార్లు ఒత్తి చూసుకుని తీసుకెళ్లింది. హరిలాల్ రొట్టె తిన్నాడు. తింటున్నంతసేపూ గుట్ట వైపు ఎంత దీక్షగా చూశాడంటే, అక్కడ ఏముందా అని సారక్క కూడా తిరిగి చూసింది.

“చూసినవా, తెల్వలే!” అని తుల్సీబాయి గీత చెవిలో గుసగుసలాడింది. గీత తల ఊపింది. ఆమెకు అంతకంటే కష్టమైన పని ఆ వారంలో ఇంకోటి తగల్లేదు.

శుక్రవారం గీత, సారక్క, అక్కాతమ్ముళ్లు ఆటోలో మండల ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. పరగడుపున రక్తం ఇచ్చాక హరిలాల్‌ను బల్ల మీద పడుకోబెట్టారు. ఛాతీ మీద జిగురు రాసి, మణికట్లకీ చీలమండలకీ క్లిప్పులు పెడుతుంటే తుల్సీబాయి తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కరెంటు పెడతారేమోనని ఆమె భయం. “నొస్తలేదు బాయీ,” అని హరిలాల్ పడుకునే చెప్పాడు. కాగితం గరగరమని బయటికొచ్చింది.

డాక్టర్ మేఘన కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసింది. తర్వాత కుర్చీని హరిలాల్ ముందుకు జరుపుకుని, అతనితోనే మాట్లాడింది.

“హరిలాల్, బీపీ చాలా ఏళ్ల నుంచి ఉన్నట్టుంది. గుండె కొంచెం ఎక్కువ కష్టపడుతోంది. కానీ దెబ్బతిన్న గుర్తులేం లేవు. టైముకి వచ్చావు. బీపీకి, షుగరుకి గోలీలు రాస్తున్నాను. పాత గోలీ ఆపకూడదు, ఒక్క పూట కూడా. బరువు పెరగని మందుకు మార్చొచ్చేమో చూడమని మీ పెద్ద డాక్టర్‌కి ఉత్తరం రాశాను. నెలకోసారి గీత దగ్గర బీపీ, బరువు. ఆర్నెల్లకోసారి నా దగ్గర. పొద్దున తినేముందు గోలీ ఏది, తిన్నాక ఏది, అన్నీ నీకు చెప్తాను, గుర్తుంటుందా?”

“ఉంటది మేడం.”

“పాత గోలీ రోజూ వేసుకుంటున్నావా?”

హరిలాల్ నోరు తెరిచేలోపు తుల్సీబాయి అడ్డం వచ్చింది. “ఇస్తున్న మేడం, నేను ఇస్తున్న, ఆయనకు ఏం తెల్వది,” అంది గబగబా. హరిలాల్ పైన తిరిగే ఫ్యాను వైపు చూశాడు. డాక్టర్ గీత వైపు చూసింది. గీత నేల వైపు చూసింది. చీటీని డాక్టర్ హరిలాల్ చేతికే ఇచ్చింది.

“ఈ గుండె ఆగదా మేడం?” తుల్సీబాయి అడిగింది.

“ఇలా చూసుకుంటూ ఉంటే చాలా ఏళ్లు నడుస్తుందమ్మా. మందులు మానేస్తేనే నాకు భయం.”

తుల్సీబాయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. గీత భుజం మీద చెయ్యి వేసి ఒకసారి గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడుతో గీతకు వారం రోజుల బరువు దిగింది.

బయట వరండాలో బెంచీ ఉంది. హరిలాల్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తుల్సీబాయి గుడ్డలో కట్టి తెచ్చిన జొన్నరొట్టె విప్పింది. మందుల గది నుంచి సారక్క తెచ్చిన కొత్త గోలీలు, కొంగున ముడేసి తెచ్చిన పాత గోలీ ఒళ్లో పోసుకుంది. అవన్నీ చూసి ఆమెకు దిక్కు తోచలేదు. ఎర్రది, తెల్లది, పొడుగ్గా ఉన్న షుగరుది, పాతది ఒకటి. ఏం చెయ్యాలో తెలియక, అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగి రొట్టె మడత విప్పింది. ఒకటి పెట్టింది. రెండోది పెట్టింది. మూడోది జారి బెంచీ కింద పడింది.

“బాయీ,” అన్నాడు హరిలాల్. “ఇటు మళ్లు.”

ఆమె కదల్లేదు.

“ఇటు మళ్లు. నాలుగు గోలీలు ఒక్క రొట్టెల పట్టవు.”

తుల్సీబాయి మెల్లగా తిరిగింది. హరిలాల్ వంగి, కిందపడ్డ గోలీ తీసి, ఊది, అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి ఆమె ముందు అలాగే చాపి ఉంచాడు. మిగతావి కూడా అందులో వెయ్యమన్నట్టు.

“ఎప్పటి సంది ఎరుక నీకు?”

“మొదటి ముద్ద సందే. పంటికింద తగిలింది.”

“పద్నాలుగేండ్లా?”

“ఆఁ.”

“మరి చెప్పకపోతివేందిరా?”

“నువ్వు అంత మంచిగ దాస్తుంటివి. ఎట్ల జెప్పాలె?”

తుల్సీబాయి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, వరండాలో అందరూ చూస్తుండగానే ఏడ్చింది. ఏడుస్తూనే అతని భుజం మీద ఒకటి చరిచింది. రెండోది చరిచేసరికి ఏడుపు కాస్తా నవ్వైపోయింది.

“అయితే గా నెయ్యి, గా బెల్లం... అదంత ఎందుకు తింటివిరా, తెలిసి తెలిసి?”

“చూర్మో మంచిగుంటుండె గద,” అన్నాడు హరిలాల్.

సారక్క నవ్వు ఆపుకోలేక నీళ్ల సీసా పట్టుకుని గోడ వైపు తిరిగింది. తుల్సీబాయి గోలీలు ఒక్కొక్కటే అతని అరచేతిలో వేసింది. వెయ్యడానికి ముందు ఒక్కోదాన్ని అతనికి చూపించింది. అతను ఒక్కోదాని పేరూ డాక్టర్ చెప్పినట్టే చెప్పాడు. బీపీది, షుగరుది, మాటలు బంద్ జేసేది. ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. చివరిది మింగాక, చూసుకో అన్నట్టు ఆమె వైపు తిరిగి నోరు బార్లా తెరిచాడు.

తుల్సీబాయి చూడలేదు. రొట్టె తుంచి అతని ముందు పెట్టింది.

“తిను భియా, సల్లగైతది,” అంది.